మూడుకాళ్ళ ట్రాన్సిస్టరూ – మా నాన్నగారి పద్యమూ

మా ఇంట్లో బీరువాలో, అమ్మ పట్టుచీరెల మడతల మధ్య, ఒక కాసెట్టు ఉంది. నగలు బ్యాంకిలో ఉన్నాయి గాని, ఈ కాసెట్టును మాత్రం అమ్మ గడప దాటనివ్వదు. 1989 దసరా సెలవుల్లో, కరెంటు పోయిన ఒక రాత్రి, మా వడ్లమూడి ఇంటి వసారాలో మా నాన్నగారు పాడిన రాయబారం పద్యాలు అందులో ఉన్నాయి. టేపురికార్డరు బ్యాటరీల మీద తిరుగుతోంది. పక్కన లాంతరు పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను. అప్పటికి నాకింకా పదేళ్ళు నిండలేదు.

నాన్నగారు ఉద్యోగానికి బడిపంతులు, ప్రాణానికి నటులు. తెనాలి గాలి సోకినవాడికి పద్యం అబ్బకపోతే ఆశ్చర్యపడాలి గాని, అబ్బితే ఆశ్చర్యమేముంది? స్థానం నరసింహారావుగారు, మాధవపెద్ది వెంకట్రామయ్యగారు వెలిగిన సీమ ఇది. మైకులు లేని కాలంలో, పందిరి చివర నిలబడ్డవాడికి కూడా పద్యం వినిపించాలంటే గొంతే దిక్కు. ఆ పరంపరలో చివరి వరసలో ఎక్కడో నిలబడ్డవారు మా నాన్నగారు. 2006లో కాలం చేశారు. ఆయన గొంతు ఆ ఒక్క టేపులోనే మిగిలింది.

కిందటేడు ఆయన ఆబ్దికం నాడు భోజనాలయ్యాక అమ్మ, "ఒక్కసారి ఆ పాట పెట్టరా" అంది. అటకమీది పాత టేపురికార్డరు దించాను. చక్రాలు బ్రహ్మాండంగా తిరిగాయి. శబ్దం మాత్రం లేదు. చెవి ఆనిస్తే ఎక్కడో దోమ పాడుతున్నట్టుంది. తెనాలి తీసుకుపోతే, మరమ్మతు చేసే అబ్బాయి విప్పి చూసి, "మోటారు బాగుంది, హెడ్డు బాగుంది మాస్టారూ. శబ్దాన్ని పెంచే బిళ్ళ పోయింది. ఇప్పుడది దొరకదు" అన్నాడు. ఇంకొకరి యంత్రంలో పెట్టి వినవచ్చు గదా అంటారేమో! ఆ ముచ్చటా తీరింది. తెలిసినవారి టేపురికార్డరులో పెడితే అది మూరెడు టేపు నమిలేసింది. అదృష్టవశాత్తూ నమిలింది మొదట్లో ఉన్న ఖాళీ టేపునే. ఆ రోజు అమ్మ ముఖం చూసినవాణ్ణి గనక, పరాయి యంత్రాల జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాను.

అప్పుడు ముందుకొచ్చింది మా అమ్మాయి. ఎలక్ట్రానిక్సు ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతోంది. మా వడ్లమూడికి ఒకప్పుడు పొలాలూ, పాలూ తప్ప వేరే పేరు లేదు. 1997లో ఇక్కడ విజ్ఞాన్ ఇంజనీరింగు కళాశాల వెలసింది, 2008లో దానికి విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. ఇప్పుడు మా ఊరి టీకొట్టు దగ్గర కూడా ట్రాన్సిస్టర్ల మాటలే వినిపిస్తాయి. "నాన్నా, పోయింది యాంప్లిఫయరే గదా! హెడ్డు నుంచి వచ్చేదాన్ని పెంచే సర్క్యూటు నేను కడతాను" అంది మా అమ్మాయి. తెలుగు ఎమ్మే చదివిన నాకు పెంచడమంటే వృద్ధి సంధి ఒక్కటే తెలుసు. అయినా తల ఊపాను.

ఎంత పెంచాలి?

టేపు మీద ఉన్నది అయస్కాంతపు గుర్తులు. అవి సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో హెడ్డు ముందునుంచి జారిపోతుంటే, హెడ్డులోని తీగచుట్టలో అతి సన్నని విద్యుత్తు పుడుతుంది. అది ఎంత? సుమారు అర మిల్లీవోల్టు. గోడగడియారంలో వేసే ఒక్క బ్యాటరీ ఒకటిన్నర వోల్టు గదా, అందులో మూడు వేలవ వంతు! మా ఇంట్లో ఉన్న స్పీకరుపెట్టె చక్కగా పలకాలంటే 200 మిల్లీవోల్టులు కావాలి. అంటే 400 రెట్లు పెంచాలన్నమాట. అదైనా మధ్యరకం స్వరాలకు. తీగచుట్టలో పుట్టే విద్యుత్తు అయస్కాంతం మారే వేగాన్ని బట్టి ఉంటుంది గనక, కీచు స్వరాలకు ఎక్కువా, మంద్రస్వరాలకు తక్కువా పుడుతుంది. మంద్రానికి పదింతలు అదనం, అంటే నాలుగు వేల రెట్లు కావాలి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ట్రాన్సిస్టరు చిన్న శబ్దాన్ని సాగదీసి పెద్దది చేయదు. మన డెల్టాలో పుట్టినవారికి ఇది తేలిగ్గా బోధపడుతుంది. కాలవ మీద తలుపు దగ్గర లస్కరు ఉంటాడు. అతను చక్రం కొంచెం తిప్పితే చాలు, వేల ఎకరాలకు నీరు పరుగెడుతుంది. ఆ నీటి బలం లస్కరు కండల్లోది కాదు, కృష్ణమ్మది. 1855లో పూర్తయిన ఆనకట్ట నాడూ అంతే, 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి నాడూ అంతే. ట్రాన్సిస్టరుకు మూడు కాళ్ళు: బేసు, కలెక్టరు, ఎమిటరు. బేసు దగ్గర కూర్చున్న లస్కరు మన సన్నని సంకేతం. కలెక్టరు నుంచి ఎమిటరుకు పారేది బ్యాటరీ ప్రవాహం. లస్కరు చెయ్యి ఎలా కదిలితే కాలవ అలా ఎగసి పడుతుంది. మనం వినేది ఆ కాలవ హోరు.

ఈ కీలు కనిపెట్టింది అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో, 1947 డిసెంబరులో. జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ మొదటి ట్రాన్సిస్టరును పలికించారు. వారి సహచరుడు విలియం షాక్లీ దానికి ఇంకా మెరుగైన రూపం ఊహించాడు. ముగ్గురికీ 1956లో నోబెల్ బహుమానం వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యేనాటికి ట్రాన్సిస్టరుకు ఇంకా ఏడాది నిండలేదు. మన తెలుగువారిలో అయ్యగారి సాంబశివరావుగారు 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థను నిలబెట్టి, ఈ విద్యను మన గడ్డమీద పరిశ్రమగా మలిచారు. నేడు మా అమ్మాయి వాడిన ట్రాన్సిస్టరు కందిగింజంత. వెల రెండు మూడు రూపాయలు.

తెరమీద రిహార్సలు

సామాన్లు తెచ్చి కాలుస్తుందనుకున్నాను. అబ్బే! వారం రోజులు కంప్యూటరు ముందునుంచి లేవలేదు. "ముందు తెరమీద కట్టి చూస్తాను నాన్నా. అక్కడ ఎన్ని కాలినా డబ్బు పోదు" అంది. నాన్నగారు కూడా రంగస్థలం ఎక్కేముందు నెలరోజులు రిహార్సలు వేసేవారు. అది వేషం లేని నాటకం, ఇది తీగలు లేని సర్క్యూటు.

ఈ రిహార్సలుకు మూలపురుషుడు స్పైస్ అనే ప్రోగ్రాము. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ పెడర్సన్ అనే ఆచార్యుని దగ్గర లారెన్స్ నేగెల్ అనే విద్యార్థి తయారుచేయగా, 1973లో లోకానికి వెల్లడైంది. నేడు వాడుకలో ఉన్న ఎల్‌టీస్పైస్, ఎన్‌జీస్పైస్ వంటివన్నీ ఆ వంశంలోవే. ఐఐటీ బొంబాయివారు ఈసిమ్ అనే ప్రోగ్రామును ఉచితంగా అందిస్తున్నారు. వీటికి డబ్బు కట్టనక్కరలేదు, ఓపిక ఉంటే చాలు.

లోపల జరిగేది మంత్రమేమీ కాదు. ఒక కూడలికి వచ్చిన విద్యుత్తంతా అక్కణ్ణుంచి బయటికి పోయి తీరాలని 1845లో కిర్కాఫ్ చెప్పిన సూత్రం ఉంది. ప్రతి కూడలి దగ్గరా ఇంత వోల్టేజి ఉంటుందని కంప్యూటరు ముందు ఒక అంచనా వేస్తుంది. రాకా పోకా సరిపోలేదా, అంచనా దిద్దుకుంటుంది. మళ్ళీ లెక్క, మళ్ళీ దిద్దుబాటు. చంపకమాల రాస్తూ గణం తప్పితే పదం మార్చి మళ్ళీ కొలుచుకునే కొత్త కవికీ దీనికీ తేడా ఒక్కటే. కవి విసుగెత్తి కలం పడేస్తాడు, కంప్యూటరుకు విసుగు లేదు.

మొదటి రోజు మా అమ్మాయి గీసిన బొమ్మ ఇది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ. బీసీ 547 ట్రాన్సిస్టరు. కలెక్టరు మీద 4.7 కిలో ఓముల రెసిస్టరు, ఎమిటరు కింద ఒక కిలో ఓము. బేసుకు తగిన వోల్టేజి అందించడానికి 47, 10 కిలో ఓముల జంట. అందులో 0.9 మిల్లీఆంపియరు పారుతోంది. మీట నొక్కింది. లాభం నాలుగున్నర రెట్లు!

"నాలుగు వందలు కావాలంటే నాలుగున్నరా?" అన్నాను.

"ఎమిటరు కిందున్న రెసిస్టరు కళ్ళెం వేస్తోంది నాన్నా" అని, దాని పక్కన ఒక కెపాసిటరు పెట్టింది. కదలని విద్యుత్తుకు రెసిస్టరే దారి, కదిలే సంకేతానికి మాత్రం కెపాసిటరు అడ్డదారి. ఒక్క దెబ్బతో లాభం 160కి ఎగిరింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఇక్కడే ఆశ పుట్టింది. కలెక్టరు రెసిస్టరు పెద్దదైతే లాభం పెరుగుతుందని పుస్తకంలో ఉంది. 4.7 తీసి 10 పెట్టింది. 320 వస్తుందనుకున్నాం. తెరమీద అల చచ్చి, బల్లపరుపు గీత మిగిలింది! కారణం చిన్న లెక్క. 0.9 మిల్లీఆంపియరు 10 కిలో ఓముల్లో పారాలంటే అక్కడే తొమ్మిది వోల్టులూ ఖర్చు కావాలి. ఇక ట్రాన్సిస్టరుకు మిగిలేదేమిటి? తలుపు పూర్తిగా ఎత్తేసిన కాలవలో లస్కరు ఎంత చక్రం తిప్పితే ఏం లాభం?

ఈ దెబ్బ మీద మా అమ్మాయి ఒక సూత్రం పట్టుకుంది. కలెక్టరు రెసిస్టరు మీద ఎన్ని మిల్లీవోల్టులు ఖర్చవుతున్నాయో చూసి, దాన్ని 26తో భాగిస్తే ఒక అంతస్తు ఇవ్వగల లాభం వస్తుంది. మా సర్క్యూటులో 4200 మిల్లీవోల్టులు, అంటే 160. తొమ్మిది వోల్టులూ దానికే ధారపోసినా 346 దాటదు, పైగా అప్పుడు ట్రాన్సిస్టరు పనిచేయదు. రెసిస్టరు బదులు అక్కడ ఇంకో ట్రాన్సిస్టరును నిలబెట్టి, ప్రవాహాన్ని స్థిరంగా తోసేటట్టు చేస్తే లాభం వేలల్లోకి పోతుందట. చిప్పులలో చేసేది అదేనట. కాని వచ్చిన ఆ పెంపును కింది అంతస్తు పీల్చేయకుండా కాపలా కాయాలి. మనకు రెండు అంతస్తుల మామూలు మేడ చాలునంది.

ఇంకో తమాషా. ఒక రకం పరీక్షలో ఒక వోల్టు సంకేతం ఇచ్చి చూస్తే, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో 160 వోల్టులు బయటికి వస్తున్నట్టు తెరమీద చూపించింది! ఆ పరీక్ష నిష్పత్తి ఒక్కటే చూస్తుంది, బ్యాటరీ స్తోమత చూడదు. కాలక్రమంలో అల ఎలా నడుస్తుందో చూపే రెండో పరీక్ష పెడితేగాని నిజం బయటపడదు. బేసు దగ్గర 18 మిల్లీవోల్టులు పెరిగితే ప్రవాహం రెట్టింపవుతుంది. అంత వంకర స్వభావం గలదాన్ని తిన్నగా నడిపించాలంటే సంకేతం ఒకటి రెండు మిల్లీవోల్టులు మించకూడదు. మనది అర మిల్లీవోల్టే గనక బతికిపోయాం.

వియ్యాలవారి విందు

రెండు అంతస్తులూ కలిపితే? 160ని 160తో హెచ్చవేయండి. పాతికవేల పైమాటే! తెరమీద మాత్రం పదకొండు వేలు వచ్చింది. సగానికి సగం ఎవరు తిన్నారు?

తిన్నది రెండో అంతస్తే. దాని బేసు కూడా కొంత ప్రవాహం లాగుతుంది. ఆ లాగుడు మొదటి కలెక్టరుకు మూడున్నర కిలో ఓముల బరువైంది. విడిగా ఉన్నప్పుడు 160 ఇచ్చిన అంతస్తు, వియ్యమందాక 68కి దిగింది. పెళ్ళికి ముందు వేసుకున్న బడ్జెట్టుకూ తరువాత అయ్యే ఖర్చుకూ ఉన్న తేడా సంసారులకు నేను చెప్పాలా? విడివిడిగా కొలిచిన గొప్పలు కలిపితే నిలవవు. కలిపే కొలవాలి.

అయినా పదకొండు వేలంటే మనకు కావలసినదానికంటె ఎక్కువే. మరీ ఎక్కువ. అర మిల్లీవోల్టును పదకొండు వేలతో పెంచితే అయిదున్నర వోల్టులు. తొమ్మిది వోల్టుల ఇంట్లో ఆ అల నెత్తి కప్పుకు కొట్టుకుని పగిలిపోతుంది. ఈ మిగులును ఏం చేయాలి?

దీనికి సమాధానం 1927లో దొరికింది. హెరాల్డ్ బ్లాక్ అనే బెల్ ప్రయోగశాల ఇంజనీరు ఆగస్టు నెలలో ఒక ఉదయం హడ్సన్ నది మీద పడవలో ఆఫీసుకు పోతూ, చేతిలోని వార్తాపత్రిక మీదే ఆ ఊహ గీసుకున్నాడు. బయటికి వచ్చిన సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, లోపలికి వచ్చేదానికి ఎదురు నిలబెట్టాలి. లాభం తగ్గుతుంది. దానికి బదులుగా వంకర పోతుంది, నిలకడ వస్తుంది. మా అమ్మాయి రెండో కలెక్టరు నుంచి మొదటి ఎమిటరుకు రెసిస్టర్లూ కెపాసిటర్లూ ఉన్న ఒక దారి వేసింది. మంద్రస్వరాలు ఆ దారిన తక్కువగా వెనక్కి వస్తాయి గనక వాటికి పెంపు ఎక్కువ. పై స్వరాలు ఎక్కువగా వెనక్కి వస్తాయి గనక వాటికి పెంపు తక్కువ. టేపుకు కావలసింది సరిగ్గా అదే! కష్టపడి సంపాదించిన లాభాన్ని తిరిగి ఇచ్చి శ్రుతి కొనుక్కున్నామన్నమాట.

కంప్యూటరుకు తెలియని మే నెల

అంతా బాగుందనుకున్నాక మా అమ్మాయికి ఒక సందేహం వచ్చింది. మనం చెప్పకపోతే ఈ ప్రోగ్రాము వాతావరణం 27 డిగ్రీలని అనుకుంటుంది. మే నెలలో వడ్లమూడిలో 27 డిగ్రీలు ఎక్కడుంది, బావి అడుగున తప్ప! 42 పెట్టి మళ్ళీ చూసింది. డిగ్రీకి రెండు మిల్లీవోల్టుల చొప్పున ట్రాన్సిస్టరు బిగువు సడలుతుంది. పదిహేను డిగ్రీలకు 30 మిల్లీవోల్టులు. ఎమిటరు కింద ఆ ఒక కిలో ఓము లేకపోతే ప్రవాహం మూడింతలై అంతా తలకిందులయ్యేది. అది ఉండబట్టి మార్పు నూటికి మూడు నాలుగు పాళ్ళే. మొదటి రోజు మేం కళ్ళెమని విసుక్కున్న రెసిస్టరే ఎండాకాలంలో కాపాడింది. ఒకే బీసీ 547 పేరుతో అమ్మే గింజల్లో ఒకదాని పెంపు 110, ఇంకొకదానిది 800 ఉండవచ్చు. ఆ తేడాను తట్టుకునేదీ ఈ కళ్ళెం వల్లనే.

ఇక నిజం కట్టడం. ఒక ఆదివారం సామాన్లన్నీ పలకమీద గుచ్చి మీట నొక్కింది. రిహార్సలులో లేని పాత్ర ఒకటి రంగం మీదికి వచ్చింది. "గుంయ్" అని ఒకటే హోరు! ఇంటి కరెంటు తీగల్లో సెకనుకు యాభైసార్లు ఊగే విద్యుత్తు గాల్లోంచి మా సన్నని తీగల్లోకి దూకుతోంది. నాలుగు వేల రెట్లు పెంచే యంత్రానికి పద్యమైనా ఒకటే, హోరైనా ఒకటే. తెరమీద గీసిన తీగకు పొడవు లేదు, పక్కింటి ఫ్యానూ లేదు. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

నాలుగు రోజులు పట్టింది. హెడ్డు తీగను కురచ చేసి, జాలీ తొడుగున్న తీగ వేసింది. మొదటి అంతస్తులో రొద తక్కువ పుట్టే బీసీ 549 పెట్టింది. మొదట్లో పుట్టిన రొదే గదా తరువాత పెరిగేది! గోడ కరెంటు మాని బ్యాటరీ వాడింది. మొత్తాన్ని అమ్మ మరమరాల రేకుడబ్బాలో బిగించి, ఆ డబ్బాను భూమి తీగకు కలిపింది. హోరు దిగింది. సన్నని "స్స్" మాత్రం మిగిలింది. అది టేపుకూ, వేడి ఉన్న ప్రతి వస్తువుకూ పుట్టుకతో వచ్చే రొద. దాన్ని పూర్తిగా తీయడం ఎవరి తరమూ కాదు.

ముందు పాత సినిమా పాటల కాసెట్టు ఒకటి పదిసార్లు తిప్పి, యంత్రం టేపు నమలడం లేదని నమ్మకం కుదిరాక, అమ్మ లోపలికి వెళ్ళి పట్టుచీరెల మడతల్లోంచి ఆ కాసెట్టు తెచ్చింది. ఆడేది ఆడుతుండగానే కంప్యూటరులోకి నకలు ఎక్కేటట్టు మా అమ్మాయి ఏర్పాటు చేసింది. మీట నొక్కే వేలు వణికింది. ఎవరిదో చెప్పను.

పద్యం వచ్చింది. ఎత్తుగడ, విరుపు, ఆ సాగదీసిన రాగం అన్నీ వచ్చాయి. పైస్థాయిలో కొంచెం గీరింది, టేపు ముసలిదైంది మరి. కాని నేను చెప్పదలచుకున్నది పద్యం సంగతి కాదు. పద్యానికి ముందు, మునుపెన్నడూ ఆ పాత యంత్రంలో మాకు వినపడని మాట ఒకటి, రొద అడుగునుంచి తేలింది. నాన్నగారు గొంతు సవరించుకుని, "ఒరే, చెయ్యి నొప్పెడుతోందా? లాంతరు కింద పెట్టేయ్" అన్నారు.

నాకది జ్ఞాపకం లేదు. చెయ్యి నొప్పి పుట్టిందో లేదో కూడా జ్ఞాపకం లేదు.

పద్యాలన్నీ అయిపోయాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మనవరాలి వైపు తిరిగి, "మొదటికి తిప్పవే" అంది. "ఏ పద్యం నాన్నమ్మా?" అని అడిగింది మా అమ్మాయి.

"పద్యం కాదు. అంతకు ముందుది."

పాఠకులకు ఒక్క మాట. మీ ఇంటి అటకమీద కూడా ఇటువంటి కాసెట్టు ఉండే ఉంటుంది. ఎండకూ, స్పీకరుపెట్టెల అయస్కాంతాలకూ దూరంగా ఉంచండి. నమ్మకం లేని యంత్రంలో పెట్టకండి. ముందు పనికిరాని కాసెట్టుతో పరీక్షించండి. ఆడించేముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటికి తిప్పండి. వినిపించిన మొదటిసారే నకలు తీసేయండి, రెండోసారికి టేపు ఉంటుందో లేదో! ఇంట్లో ఇంజనీరింగు చదివే పిల్లలుంటే పని వారికి అప్పగించండి. వారం రోజులు అన్నానికి రాకపోయినా కోప్పడకండి.